తెలుగు అక్షరానికి కింద చోటు కావాలి

(చిన్న పత్రికలు, సావనీర్లు తెచ్చేవారికీ, కంప్యూటరు మీద పేజీలు కూర్చే డీటీపీ ఆపరేటర్లకూ ఏర్పాటు చేసిన ఒక కార్యశాలలో చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో వాళ్ళకి తెర కనిపిస్తోందా? ఆ లైటు ఒకటి ఆపేయండి బాబూ. ఆ, చాలు.

ముందు ఈ కరపత్రం చూడండి. ఊరి పేరు, నిర్వాహకుల పేర్లు చెరిపేశాను, ఎవరిదో కనుక్కోవాలని చూడకండి. కాసేపు చూపించి తీసేస్తాను. చూశారా? తీసేశాను. ఏముంది అందులో? "ఫొటోలు" అంటున్నారు. నిజమే, ఫొటోలున్నాయి. దేని గురించి? రక్తదాన శిబిరం అని ముందు వరుసలో అమ్మాయి చెప్పింది. బావుందమ్మా. ఏ రోజు? ఎన్ని గంటలకి? ఎక్కడ? చూడండి, ఇంతమంది ఉన్నాం, ఒక్కరు కూడా చెప్పలేకపోయారు. రక్తం ఇద్దామని మనసు పుట్టినవాడు ఎక్కడికి వెళ్ళాలండీ?

మళ్ళీ వేస్తున్నాను, ఈసారి తీరిగ్గా చూడండి. తేదీ కుడివైపు పైమూలలో ఉంది. టైము మధ్యలో, ముఖ్య అతిథి పేరు కింద. స్థలం అట్టడుగున, ప్రెస్సు పేరు పక్కన. మూడూ మూడు చోట్ల, మూడు రంగుల్లో. ఈ కరపత్రం చేసిన కుర్రాడికి పని రాదనుకోవద్దు. కోరెల్ డ్రా అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ మీద అతని చెయ్యి నాకంటే చురుగ్గా నడుస్తుంది. అక్షరాలకి అవుట్‌లైన్ ఇచ్చాడు, వెనక నీడ ఇచ్చాడు, మూలల్లో పువ్వులు పెట్టాడు. చదివేవాడి కన్ను ముందు దేని మీద పడాలో మాత్రం అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది ఎవరు? మ్యాటర్ ఇచ్చిన మనం. మనం ఏం చెప్పాం? "అన్నీ రావాలి, అన్నీ పెద్దగా కనబడాలి" అని చెప్పాం. అన్నీ పెద్దవే అయితే ఇంక అందులో పెద్దదేది?

అందుకని కంప్యూటరు ముందు కూర్చోకముందే ఒక తెల్లకాగితం తీసుకోండి. దూరం నుంచే కనబడాల్సింది పైన రాయండి. ఇక్కడ అది "రక్తదాన శిబిరం". దగ్గరికొచ్చి నిలబడ్డవాడికి కావాల్సింది దాని కింద: తేదీ, టైము, స్థలం, ఫోను నంబరు. తీరిగ్గా చదివేవాడికి కావాల్సింది అన్నిటికన్నా కింద: అతిథులు, దాతలు, కమిటీ. నాకు తెలుసండీ, ఎవరి ఫొటో చిన్నదైతే ఎవరికి కోపం వస్తుందో మీకూ తెలుసు. ఫొటోలు తీసేయమని నేను అనడం లేదు. అన్నీ ఒకే సైజులో, ఒకే వరుసలో, కింద పెట్టండి. ఒకే సైజు అయితే కోపమూ సమానంగానే ఉంటుంది.

ఇదే కరపత్రాన్ని నేను మార్చాను. చూడండి. ఒక్క అక్షరం తీసేయలేదు, కొత్తది చేర్చలేదు. తేదీ, టైము, స్థలం ఒకే చోటికి తెచ్చాను, చుట్టూ ఖాళీ వదిలాను. సంబంధం ఉన్నవి దగ్గరగా ఉండాలి, లేనివి ఎడంగా ఉండాలి. ఇంతే కదా అనిపిస్తుంది. మీ పత్రిక తీసి ఉపశీర్షికలు చూడండి. ఉపశీర్షికకి పైన ఎంత ఖాళీ ఉందో కింద కూడా అంతే ఉంటుంది. అది ఏ పేరాకి చెందిందో కంటికి ఎలా తెలుస్తుంది? పైన ఎక్కువ వదలండి, కింద తక్కువ వదలండి. పై పేరా నుంచి విడిపోయి కింది పేరాకి అంటుకుంటుంది.

సైజుల గురించి ఒక్కమాట. శీర్షిక 18, ఉపశీర్షిక 16, మ్యాటర్ 14 పెట్టేవాళ్ళున్నారు. అది తేడానా? చూసేవాడికి ఆపరేటరు పొరపాటు చేశాడేమో అనిపిస్తుంది. తేడా చూపించదలిస్తే గట్టిగా చూపించండి. మ్యాటర్ 13 అయితే శీర్షిక 26 చేయండి. ఉపశీర్షికకి సైజు పెంచకుండా బోల్డ్ ఇచ్చినా సరిపోతుంది.

ఇంకొకటి, సెంటర్ చేసే అలవాటు. ఇది మనకి శుభలేఖల నుంచి వచ్చింది. శుభలేఖలో బావుంటుంది. వ్యాసం శీర్షిక సెంటర్, రచయిత పేరు సెంటర్, ఉపశీర్షికలు సెంటర్, మ్యాటర్ మాత్రం ఎడమ అంచు నుంచి. కన్ను మధ్యకీ అంచుకీ తిరుగుతూ ఉంటుంది. పేజీలో ఒక అంచు ఎంచుకోండి, అన్నిటినీ దానికే పట్టించండి. అన్నిటికంటే అన్యాయం పద్యాన్ని సెంటర్ చేయడం. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకి 21. అయిదున్నర అంగుళాల వెడల్పుండే డెమీ సైజు పుస్తకంలో ఒక పాదం ఒక్కోసారి ఒక వరుసలో పట్టదు. పట్టనప్పుడు ఏం చేస్తున్నారు? సైజు తగ్గిస్తున్నారు, లేదా సెంటర్ చేసి వదిలేస్తున్నారు. అప్పుడు పాదం ఎక్కడ మొదలైందో ఎక్కడ విరిగిందో తెలియదు. నాలుగు పాదాలూ ఎడమ అంచు నుంచే మొదలుపెట్టండి. మిగిలిన ముక్కని కింది వరుసలో కొంచెం లోపలికి జరపండి. పద్యం చదివేవాడు ఊపిరి ఎక్కడ తీసుకోవాలో చూసుకుంటాడు.

వత్తు ఎక్కడికి పోతుంది?

ఇప్పటిదాకా చెప్పినవి ఇంగ్లీషులో ఏ డిజైన్ పుస్తకం తీసినా ఉంటాయి. ఆ పుస్తకాల్లో లేనిది చెప్పడానికే నేను ఇంత దూరం వచ్చాను.

1985లో ఆపిల్ వాళ్ళ లేజర్‌రైటర్ ప్రింటరు వచ్చింది. అదే ఏడాది ఆల్డస్ కంపెనీ పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్ తెచ్చింది. డెస్క్‌టాప్ పబ్లిషింగ్ అన్న పేరు కూడా ఆ కంపెనీ పెట్టిన పాల్ బ్రెయినర్డ్ వాడుకలోకి తెచ్చిందే. 1994లో ఆల్డస్ అడోబీలో కలిసిపోయింది. పేజ్‌మేకర్ 7.0 వచ్చింది 2001లో, ఆ తర్వాత పెద్ద వెర్షన్ లేదు. ఇక్కడ ఇంకా దాన్నే వాడుతున్నవాళ్ళు ఎంతమంది? సిగ్గుపడకండి, చెయ్యెత్తండి. చూశారా, సగం మందికి పైనే ఉన్నారు. తప్పేం లేదు, పని నడుస్తోంది. కానీ ఒకటి గుర్తుపెట్టుకోండి. ఆ సాఫ్ట్‌వేర్ కొలతలన్నీ ఇంగ్లీషు అక్షరాన్ని చూసి పెట్టినవి. మనం వాటిని మార్చకుండా తెలుగు పోస్తున్నాం.

ఇది చూడండి. పై వరుసలో "రాష్ట్రం", "స్త్రీ", "సంస్కృతి". కింది వరుసలో "కీర్తి", "వీధి", "శ్రీమతి". ఫాంట్ సైజు 12. లీడింగ్, అంటే వరుసకీ వరుసకీ మధ్య దూరం, ఆటో. ఆటో అంటే ఎంత? 120 శాతం, అంటే 14.4 పాయింట్లు. పెద్దగా చేసి చూపిస్తాను. "రాష్ట్రం"లో టవత్తు కింద ఏమైంది? కింది వరుసలో "కీ" గుడిదీర్ఘం మీద ఎక్కి కూర్చుంది. ఇక్కడ "సంస్కృతి"లో వట్రుసుడి వెళ్ళి "వీ"కి తగిలింది. ఇంగ్లీషు అక్షరం కిందికి దిగితే ఒక చిన్న తోక దిగుతుంది. మనది అలా కాదు. పైన తలకట్టో గుడో. కింద వత్తు, ఒక్కోసారి ఆ వత్తుకి ఇంకో వత్తు. ఒక్క అక్షరమే మూడు అంతస్తులు.

సీసం అక్షరాల రోజుల్లో ఈ గొడవ లేదు. ఎందుకు లేదు? ఆ రోజుల్లో కంపోజింగ్ చేసినవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? ఉన్నారు, నమస్కారమండీ. మీరు చెప్పండి, సీసం అచ్చు మీద సీసం అచ్చు ఎక్కుతుందా? ఎక్కదు. లోహం కదా. వత్తుకి ఎంత చోటు కావాలో అచ్చే పట్టుకుని కూర్చునేది. ఇంకా చాలకపోతే వరుసల మధ్య సీసపు పట్టీలు దూర్చేవారు. కంప్యూటరులో అచ్చు లేదు, అడ్డు లేదు. ఎంత దగ్గరికి జరిపితే అంత జరుగుతుంది, ఒకదాని మీద ఒకటి ఎక్కినా ఊరుకుంటుంది. అప్పుడు ఆ చోటు మనమే చూసుకోవాలి.

అందుకని ఆటో తీసేయండి. 12 పాయింట్ల మ్యాటర్‌కి నేను 18 కంటే తగ్గను. ఫాంట్‌ని బట్టి 19, 20 కూడా పెడతాను. ఫాంట్‌ని బట్టి అని ఎందుకంటున్నానంటే, తెలుగు ఫాంట్లలో 12 అంటే అందరికీ ఒకే 12 కాదు. ఒకటి 12లోనే నిండుగా కనిపిస్తుంది, ఇంకోటి 15 పెడితే గాని చదవలేం. కాబట్టి నంబరు నమ్మకండి. ఇందాక చెప్పిన ఆరు మాటలూ రెండు వరుసల్లో టైపు చేయండి, ప్రింటు తీయండి. తెర మీద చూసి సరిపెట్టుకోకండి. తగలకపోతే ఆ లీడింగ్ ఖాయం చేసుకుని, పుస్తకం మొత్తం అదే ఉంచండి.

"పేజీలు పెరుగుతాయి సార్" అంటారు. పెరుగుతాయి. డబ్బు లెక్క తర్వాత చెప్తాను, మర్చిపోను.

ఈ కింద చోటు సంగతి తెలిస్తే మిగతావి చాలా వాటంతటవే తేలిపోతాయి. అండర్‌లైన్ ఉంది. ముఖ్యమైన మాట కింద గీత గీస్తారు కదా? "కృష్ణ" అని రాసి అండర్‌లైన్ కొట్టండి. ఆ గీత ఎక్కడినుంచి పోయింది? సరిగ్గా ణవత్తు నడుములోంచి. మాటని ఎత్తి చూపిద్దామనుకున్నాం, కొట్టేసినట్టు కనబడుతోంది. ఇటాలిక్ సంగతి అడిగారు ఎవరో పొద్దున. తెలుగు అచ్చులో ఇటాలిక్ అనే విడి అచ్చు అలవాటు లేదు. సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది? ఉన్న అక్షరాన్నే పక్కకి వంచుతుంది, గుండ్రని అక్షరం గుడ్డులా సాగుతుంది. పుస్తకాల పేర్లకి కొటేషన్ గుర్తులు చాలు, లేదా బోల్డ్ చేయండి.

బోల్డ్‌లో కూడా ఒక చిక్కుంది. ఫాంటుతో వచ్చిన బోల్డ్ వేరు, సాఫ్ట్‌వేర్ గీతల్ని లావు చేసి ఇచ్చే బోల్డ్ వేరు. ఈ రెండో రకం బోల్డ్ చిన్న సైజులో వేస్తే లోపలి ఖాళీలు పూడుకుపోతాయి. "కథ" అన్న మాట చూడండి. "థ" పొట్టలో చుక్క ఉంది. 9 పాయింట్లలో దొంగ బోల్డ్ కొట్టి, న్యూస్‌ప్రింట్ మీద వేస్తే చుక్క ఏమైంది? పోయింది. "కధ" అయింది. పాఠకుడు ఉత్తరం రాస్తాడు, ప్రూఫ్ రీడరు తిట్లు తింటాడు. ఆయన ప్రూఫ్‌లో చుక్క ఉంది మరి! నల్ల బాక్సులో తెల్ల అక్షరాలు వేసినా ఇదే జరుగుతుంది. ఇంకు అంచుల్లోంచి లోపలికి పాకుతుంది. అలా వేయక తప్పదంటే సైజు పెంచండి, లావు అక్షరం వాడండి.

వరుస పొడవు

తెలుగు మాటలు పొడుగు. "వెళ్ళవలసివచ్చినప్పుడల్లా" అని ఒక్క మాటే రాస్తాం. ఎ4 పేజీని మూడు కాలమ్‌లు చేసి, జస్టిఫై కొట్టి, అంటే వరుసల రెండు అంచులూ సమం చేసి, ఈ మాటని అందులో పడేస్తే ఏమవుతుంది? ఆ మాట పట్టక కింది వరుసకి పోతుంది. పైన మిగిలిన రెండు మాటలు అటు అంచుకొకటి, ఇటు అంచుకొకటి నిలబడతాయి. మధ్యలో ఖాళీ. అలాంటి వరుసలు నాలుగు వరసగా వస్తే పేజీ మధ్యలో తెల్లటి కాలవ పారుతుంది. మీ పత్రికల్లో ఉందా లేదా? ఉంది. నా దగ్గర ఉన్నాయి, పేరు చెప్పను.

ఎ4లో రెండు కాలమ్‌లు చాలు. డెమీ పుస్తకంలో ఒకటే కాలమ్, వరుసకి ఏడెనిమిది మాటలు పడేలా చూసుకోండి. ఇరుకు కాలమ్ తప్పనిసరి అయితే జస్టిఫై మానేసి ఎడమ అంచుకి పట్టించి వదిలేయండి. కుడివైపు ఎగుడుదిగుడుగా ఉంటే ఏం కాదు. "నీట్‌గా లేదండీ" అని ఎడిటరు గారు అంటారు. మధ్యలో కాలవలు నీటా మరి?

జస్టిఫై పెట్టుకుంటే మాటని విరవక తప్పదు. ఎక్కడ విరవాలి? పూర్తి అక్షరం దగ్గర. వత్తుని అక్షరం నుంచి విడదీయకూడదు, అది అందరికీ తెలుసు. అర్థం కూడా చూసుకోండి. "అమ్మకానికి" అన్నదాన్ని "అమ్మ" దగ్గర విరిచి "కానికి" కింద పడేస్తే చదివేవాడు ఒక్క క్షణం తికమకపడతాడు. స్థలం అమ్మకం ప్రకటనలో వచ్చింది ఇది! ఇంకో జాగ్రత్త. గీతని మామూలు కీతో కొట్టకండి. తర్వాత ఎక్కడో రెండు మాటలు చేర్చగానే వరుసలు కదులుతాయి, ఆ గీత వరుస మధ్యలోకి వచ్చి అక్కడే ఉండిపోతుంది. వరుస చివర అయితేనే కనబడే హైఫన్ ఒకటి అడోబీ వాళ్ళ పేజీల సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో ఉంది, దాన్ని వాడండి.

జస్టిఫై సెట్టింగుల్లో అక్షరాల మధ్య ఎడం అని ఇంకో గడి ఉంటుంది. అందులో కనిష్ఠం, కావాల్సింది, గరిష్ఠం అని మూడు చోట్లుంటాయి, మూడుచోట్లా సున్నా చేయండి. అను అనే పాత డీటీపీ ఫాంట్లతో చేసేవాళ్ళు మరీ ముఖ్యంగా. ఎందుకంటే అందులో వత్తు విడి ముక్క. అక్షరాల మధ్య ఎడం పెంచితే వత్తు తన అక్షరం కింద ఉండకుండా పక్కకి జరుగుతుంది. పేరా మొదట్లో పెద్దక్షరం పెట్టే డ్రాప్ క్యాప్‌కీ ఇదే సమస్య. "స్త్రీ"తో వ్యాసం మొదలైతే సాఫ్ట్‌వేర్ ఒక ముక్కని మాత్రమే పెద్దది చేసి, వత్తుల్ని చిన్నగా పక్కన వదిలేస్తుంది. ఎన్ని ముక్కలో లెక్కపెట్టి మీరే ఆ సంఖ్య ఇవ్వాలి. అంతా ఇచ్చి మూడు వరుసల ఎత్తు పెట్టినా కింది వత్తులు నాలుగో వరుసలోకి దిగుతాయి. నన్నడిగితే తెలుగులో డ్రాప్ క్యాప్ జోలికే పోవద్దు.

అనూనా, యూనికోడా? ఈ ప్రశ్న ప్రతిచోటా వస్తుంది. యూనికోడ్ అంటే ఏ కంప్యూటరులో తెరిచినా తెలుగు తెలుగుగానే ఉండే పద్ధతి. అను అక్షరాలు అచ్చులో బావుంటాయి, చేతికి అలవాటు, పనికి వేగం. కాదనను. కానీ ఆ ఫైలు ఆ ఫాంటు లేని కంప్యూటరులో తెరిస్తే పిచ్చి గీతలు. ఆ మ్యాటర్‌లో ఒక మాట వెతకాలంటే వెతకలేం. పదేళ్ళ తర్వాత రెండో ముద్రణ వేయాలంటే మళ్ళీ కన్వర్టరు, మళ్ళీ ప్రూఫులు. కొత్తగా మొదలుపెట్టే పని యూనికోడ్‌లోనే మొదలుపెట్టండి. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, ఎన్టీఆర్, పెద్దన, తిమ్మన, సురవరం లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా ఉన్నాయి. దేశికాచారి గారి పోతన, వేమన ఫాంట్లు అంతకు ముందు నుంచే ఉన్నాయి. నోటో ఉంది. ఒక పుస్తకానికి రెండు ఫాంట్లు చాలండీ. మ్యాటర్‌కి ఒకటి, శీర్షికలకి ఒకటి. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ పోస్తే "అమ్మ" అన్నది పొల్లుతో రెండు ముక్కలుగా వచ్చిందని ఫోను చేస్తుంటారు. పేరాగ్రాఫ్ మెనూలో వరల్డ్ రెడీ కంపోజర్ ఎంచుకోండి. వత్తులు వచ్చేస్తాయి.

లెక్క చెప్తానన్నాను కదా

పేజీలు పెరుగుతాయన్నారు. డెమీ 1/8 సైజు అంటే ఎనిమిదిన్నర అంగుళాల ఎత్తు, అయిదున్నర వెడల్పు. 16 పేజీలు ఒక ఫారం. 64 పేజీలంటే నాలుగు ఫారాలు, చక్కగా సరిపోతుంది. పేజీలు వేశాక 67 వచ్చాయనుకోండి. అంటే 68, నాలుగు ఫారాల మీద నాలుగు పేజీలు. ప్రెస్సువాళ్ళు ఆ నాలుగింటికీ విడిగా ప్లేటు, విడిగా రేటు అంటారు. అప్పుడు మన బుర్ర ఎక్కడికి పోతుంది? లీడింగ్ మీదికి. "కొంచెం దగ్గరికి జరుపు బాబూ, 64లో పట్టించు" అంటాం. ముగ్గురు కూర్చునే సీట్లో అయిదుగురిని సర్దినట్టు మొత్తం పుస్తకాన్ని నొక్కేస్తాం.

సావనీర్ తీసి చూడండి. మంత్రి గారి సందేశం ఒక పేజీ, ఎమ్మెల్యే గారి సందేశం ఒక పేజీ, ఇలా ఎనిమిది. అందరూ రాసింది ఒకటే, "మీ కృషి అభినందనీయం". పేజీకి రెండు చొప్పున వేస్తే నాలుగు పేజీలు మిగిలాయా లేదా? లీడింగ్ జోలికి పోకుండానే 64 లోపు వచ్చేశాం. ఇంతకీ ఇవన్నీ చివర్లో చేసే పనులు కావు. మ్యాటర్ చేతికి రాగానే ఒక వ్యాసం పేజీలు వేసి చూసి, మొత్తం ఎన్ని పేజీలొస్తాయో ముందే లెక్క కట్టండి.

మార్జిన్ల దగ్గర కూడా పీనాసితనం వద్దు. గమ్ బైండింగ్ పుస్తకం పూర్తిగా తెరుచుకోదు. లోపలి మార్జిన్ అరంగుళం ఉంటే వరుస చివరి అక్షరం మడతలోకి పోతుంది, చదివేవాడు పుస్తకాన్ని విరుస్తాడు, పేజీలు ఊడొస్తాయి. ముప్పావు అంగుళానికి తగ్గకండి.

ప్రెస్సుకి ఇచ్చేముందు గబగబా నాలుగు మాటలు. మ్యాటర్ నలుపు ఒక్క నలుపు ప్లేటు మీదే ఉండాలి. ఆర్‌జీబీలో, అంటే తెర రంగుల పద్ధతిలో, ఉన్న నలుపు నాలుగు రంగుల కింద చీలిపోతుంది, ప్లేటు వెంట్రుకవాసి కదిలినా వత్తుల చుట్టూ రంగుల నీడలొస్తాయి. అంచుదాకా పోయే బొమ్మ పేజీ దాటి 3 మిల్లీమీటర్లు బయటికి ఉండాలి. ఫొటో అచ్చయ్యే సైజులో 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, ఉండాలి. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటో నలిగిపోయి వస్తుంది, డాక్యుమెంటుగా పంపమనండి. బాక్సులో పట్టలేదని ఫొటోని సాగదీయకండి, కత్తిరించండి. వేదిక మీద పదిమంది ఉన్న ఫొటోలో సాగదీతకి ఒక్కొక్కరూ పది కేజీలు పెరుగుతారు, తర్వాత సమాధానం చెప్పుకోవాల్సింది మీరే.

చాలా చెప్పాను, గంట దాటినట్టుంది. టీ వచ్చిందా? వచ్చింది. తాగేసి మీరు తెచ్చుకున్న పేజీలు బయటికి తీయండి. ఒక పేజీ తీసి తలకిందులుగా పట్టుకోండి. అప్పుడు చదవలేరు కదా, నలుపు ఎక్కడ గుంపుకట్టిందో, తెలుపు ఎక్కడ కాలవ కట్టిందో అదే కనబడుతుంది. పెన్సిలుతో వాటిని చుట్టండి. పక్కనే వత్తులు గుడుల్ని తాకిన చోట్లు కూడా చుట్టండి. కథల సంకలనం తెచ్చినవాళ్ళు ముందు ఇటు రండి, మీది ఎక్కువ పేజీలు, మీతో మొదలుపెడదాం.